గీర (చక్రం) పెద్దగైతే ఏమైతది? మా స్విఫ్ట్ మీద పది నెలల లెక్క

పుట్టి పెరిగింది నర్సంపేట అవతల ఒక చిన్న ఊళ్లో. ఇప్పుడు ఉండేది హన్మకొండలో. చదువు చెప్పేది ములుగు జిల్లాలో. జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే దిగి వెంకటాపూర్ వైపు పోతే వచ్చే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. పోను అరవై, రాను అరవై కిలోమీటర్ల పైమాటే. అందుకే నలుగురం టీచర్లం కలిసి పోతాం, వారానికి ఒకరి కారు. నా వంతు వచ్చిన వారం మా స్విఫ్ట్ బయటికి వస్తుంది. 2015 మోడల్ వీడీఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డీజిల్ బండి. ఇంజన్ గురించి నాకు ఎప్పుడూ ఫిర్యాదు లేదు.

2023 జులై వానలు ఈ తట్టు వాళ్లెవరూ మరిచిపోరు. 27వ తేదీ పొద్దున చూస్తే, మా బడి ఉన్న మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. కల్వర్టులు కొట్టుకుపోయాయి. నీళ్లు తగ్గాక పక్కనుంచి మొరం పోసి తాత్కాలికంగా బాట చేశారు. ఆ బాట మీద నలుగురం కూర్చున్న స్విఫ్ట్ పోతుంటే కింద ఇంజన్ ఆయిల్ ఉండే చాంబర్ రాయికి తగిలి ‘కర్ర్’మని గీసుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా కాలికే రాయి గీసుకున్నట్టు అనిపించేది. ఆయిల్ చాంబర్ పగిలితే ఆ దారిలో బండి అక్కడికక్కడే ఆగిపోవాలి, ఆయిల్ లేకుండా నడిపితే ఇంజనే పోతుంది.

దసరా సెలవుల్లో తమ్ముడు వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను. “అక్కా, టైర్లు ఎట్లాగూ అరిగినయి గదా, పెద్దవి వేయించు. బండి లేస్తది, చూడనీకి కూడా మంచిగుంటది” అన్నాడు. ఇద్దరం కలిసి ఒక టైర్ల షాపుకు పోయాం. మా బండికి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. షాపాయన 15 ఇంచుల అలాయ్ రిమ్ములు చూపించి, వాటికి 205/65 ఆర్15 టైర్లు వేద్దాం అన్నాడు. “మస్తు మంది వేయించుకుంటున్నరు మేడం, ఏం గాదు” అన్నాడు. రిమ్ములు, టైర్లు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి 48 వేల దాకా అయ్యింది. నేను ఆ రోజు పెన్నూ కాగితం తీయలేదు. రోజూ పిల్లలతో లెక్కలు చేయించేదాన్ని, నా సొంత పైసలు పెట్టేటప్పుడు లెక్క చేయలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. ఆ లెక్క ఇప్పుడు ఇక్కడ చేస్తాను.

165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. రిమ్ము అంచు నుంచి నేల దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. రిమ్ము 14 ఇంచులు, అంటే 355.6 మిల్లీమీటర్లు. పైన ఒక గోడ, కింద ఒక గోడ, నడుమ రిమ్ము. మొత్తం కలిపితే టైరు ఎత్తు 619.6. అదే లెక్క 205/65 ఆర్15కి వేస్తే గోడ 133, రిమ్ము 381, మొత్తం 647.5. అంటే 28 మిల్లీమీటర్లు ఎక్కువ. శాతంలో నాలుగున్నర.

ఇక్కడ మొదటి సంగతి. టైరు 28 మిల్లీమీటర్లు పెరిగితే బండి 28 మిల్లీమీటర్లు లేవదు. ఇరుసు ఉండేది టైరు నడుమ. కాబట్టి బండికి వచ్చేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు. మా స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ నడుమ ఖాళీ, కంపెనీ లెక్కలో 170. అది 184 అయ్యింది. ఒక వేలు మందం. నేను 48 వేలు పెట్టింది ఆ వేలు మందానికి. ఆ మొరం బాట మీద ఆ వేలు మందం పనికి వచ్చింది, అబద్ధం చెప్పను. చాంబర్ తగలడం చాలా తగ్గింది. మొదటి వారం నేను చాలా సంతోషపడ్డాను.

రెండో వారం గట్టమ్మ గుడి దగ్గర తేడా తెలిసింది. ములుగు దగ్గర పడుతుంటే గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయే బండ్లన్నీ ముందు అక్కడ ఆగి దండం పెట్టుకుని కదులుతాయి. మేమూ సోమవారం పొద్దున ఆగుతాం. ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఎక్కుడు. నలుగురం, నాలుగు బ్యాగులు, నాలుగు టిఫిన్ డబ్బాలు. ఎప్పుడూ రెండో గేరు నుంచి మూడులోకి హాయిగా పోయే బండి మూడులో వేయగానే బరువెక్కినట్టు అయ్యింది. మళ్లీ రెండులోకి దింపాల్సి వచ్చింది. క్లచ్ ఏమన్నా పోయిందా అనుకున్నాను. మరునాడు అదే చోట అదే తీరు.

ఆ ఆదివారం ఊరికి పోయినప్పుడు బాపుతో చెప్పాను. బాపు పత్తి రైతు. ట్రాక్టరు కొనకముందు ఇరవై ఏండ్లు ఎడ్ల బండి తోలినవాడు. కొత్త టైర్లను చేత్తో తడిమి చూసి, “గీర పెద్దగైతే బండి తేలికగ గుంజాలె గదనే బిడ్డా. చిన్న గీర గుంతల పడితే లేవది. పెద్ద గీర గుంతను దాటిపోతది. మరి నీ కారుకు ఉల్ట ఎట్లైంది?” అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. ఎందుకంటే బాపు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. ఎడ్ల బండి గీరలు మనిషి నడుము ఎత్తు దాటి ఉండేది అందుకే. జవాబు పొద్దున బావి కాడ దొరికింది.

ఎడ్లు గీరను తిప్పవు. అవి కాడిని గుంజుతాయి, కాడి నొగలను గుంజుతుంది, ఆ బలం పోయి ఇరుసు మీద పడుతుంది. గీర తనంతట తాను దొర్లుతుంది. అక్కడ గీర ఎంత పెద్దదైతే అంత మేలు. కారులో అట్లా కాదు. ఇంజన్ బండిని గుంజదు, ఇరుసును మెలి తిప్పుతుంది. ఆ మెలి బలం టైరు అంచు దాకా పోయి నేలను వెనక్కి తోస్తేనే బండి ముందుకు పోతుంది. మెలి బలం అంతే ఉండి అంచు దూరం జరిగితే, నేలను తోసే బలం తగ్గుతుంది. బావి గిలక ఇరుసును నడుమ పట్టుకుని తిప్పి బొక్కెన పైకి తేవాలని చూస్తే, గిలక ఎంత పెద్దదైతే అంత కష్టం. కారు టైరు కూడా అంతే. గేర్‌బాక్సులో ఐదు గేర్లు అనుకుంటాం గానీ, వాటన్నిటి తర్వాత టైరు కూడా ఒక గేరే. ఆఖరి గేరు అదే. నేను షాపులో టైర్లు మార్చాననుకున్నాను, నిజానికి ఐదు గేర్లనూ ఒకేసారి నాలుగున్నర శాతం పొడుగు చేశాను.

బాపు విని, “మరి ట్రాక్టరుకు వెనక అంతంత గీరలు ఉంటయి గదా” అన్నాడు. ఉంటాయి. ఆ గీరలకు తగ్గట్టు ట్రాక్టరు లోపల గేర్లు కూడా చాలా తగ్గించి పెడతారు. అందుకే అది అంత నెమ్మదిగా పోతుంది, అంత బలంగా దున్నుతుంది. గీర మార్చి గేరు మార్చకపోతేనే తంటా. బాపు తల ఊపాడు. నాకు ఇరవై ఏండ్ల ఉద్యోగంలో ఇంత మంచి పాఠం చెప్పిన తృప్తి ఎప్పుడూ కలగలేదు.

నాలుగున్నర శాతం ఎంతలే అనిపించవచ్చు. పెట్రోలు బండికి అంతగా తెలియకపోవచ్చు కూడా. మా 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ సంగతి వేరు. దాని పూర్తి మెలి బలం, 190 న్యూటన్ మీటర్లు, 2000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు వస్తుంది. దానికి కింద, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నిద్రలో ఉంటుంది, ఈ బండి నడిపినవాళ్లందరికీ తెలిసిందే. పాత టైర్లతో సరిగ్గా 2000 మీద తిరిగే వేగం దగ్గర, పెద్ద టైర్లతో ఇంజన్ 1910 చిల్లర మీద తిరుగుతుంది. అంటే మెలకువలో ఉన్న ఇంజన్‌ను నేనే మళ్లీ నిద్రలోకి నెట్టాను. వరంగల్ ఊళ్లో, పోచమ్మ మైదాన్ నుంచి ములుగు రోడ్డు దాకా ట్రాఫిక్‌లో ఎప్పుడు చూసినా ఒక గేరు తక్కువలో నడపాల్సి వచ్చేది. హైవే మీద సమంగా పోతే మాత్రం ఇంజన్ చప్పుడు కొంచెం తగ్గింది, అది బాగానే ఉంది.

ఇక బరువు. బాపు దగ్గర పత్తి బస్తాలు తూచే కొక్కెం కాంటా ఉంది. స్టెప్నీగా డిక్కీలో పడున్న పాత ఇనుప రిమ్ము చక్రాన్ని దాని మీద వేలాడదీశాం. 14 కిలోల 100 గ్రాములు. వెనక చక్రం ఒకటి విప్పి తూస్తే 17 కిలోల 600. అలాయ్ అంటే తేలిక అని అందరం అనుకుంటాం. కంపెనీ నుంచి వచ్చే మంచి అలాయ్ తేలికే కావచ్చు. నేను కొన్నది కాదు. కాంటా ముల్లు ముందు నిలబడి ఇద్దరం రెండుసార్లు చూశాం. చక్రానికి మూడున్నర కిలోలు, నాలుగు చక్రాలకు 14. తిరిగే చక్రం అంచున ఉన్న బరువు, బండిని పరుగెత్తించేటప్పుడు రెండింతలుగా లెక్కకు వస్తుంది, ఎందుకంటే దాన్ని ముందుకూ నెట్టాలి, గుండ్రంగానూ తిప్పాలి. రెండింతలు వేసుకున్నా 28 కిలోలు. టన్ను దాటిన బండికి అది పెద్దది కాదు, ఇంటర్నెట్‌లో దీన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్తారని నా అభిప్రాయం. ఆ బరువు నిజంగా తెలిసేది గుంతల మీద. బరువు చక్రం పైకి ఎగిరితే స్ప్రింగు దాన్ని తిరిగి నేల మీదికి తోయడానికి ఆలస్యమవుతుంది. వరుసగా గుంతలు వచ్చినచోట వెనక సీటు కింద ‘దబ్ దబ్’ అని కొత్త చప్పుడు మొదలైంది.

బ్రేకు గురించి కూడా ఇదే లెక్క. బ్రేకు డిస్కు అదే, ప్యాడ్లు అవే. టైరు అంచు దూరం జరిగింది కాబట్టి అదే బలంతో తొక్కితే నేల దగ్గర ఆపే బలం నాలుగు శాతం పైన తక్కువ. పెడల్ ఇంకొంచెం తొక్కాలి. పొడి రోడ్డు మీద వెడల్పు టైరు పట్టు బాగుండేది కాబట్టి గట్టిగా తొక్కితే బండి ఆగేది. కానీ నా కాలికి ఏండ్లుగా అలవాటైన లోతు ఒకటుంది. ఆ లోతు మారింది. పరకాల నుంచి వచ్చే లారీలు కలిసే గూడెప్పాడ్ దగ్గర రెండుసార్లు నేను అనుకున్న చోటుకంటే కొంచెం ముందుకు పోయి ఆగాను.

మైలేజీ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే, అందరూ తప్పు లెక్క వేసేదీ అక్కడే. హైదరాబాద్‌లో చెల్లెలి ఇంటికి మా ఇంటి నుంచి పోయి రావడానికి పాత టైర్లతో ట్రిప్ మీటర్ 310 చూపించేది. ట్యాంకు నిండా పోయించి, వచ్చాక అదే బంకులో మళ్లీ నిండా పోయిస్తే 14.8 లీటర్లు పట్టేది. లీటరుకు 21కి దగ్గర. పెద్ద టైర్లు వేశాక 16.3 లీటర్లు పట్టింది. మీటరు చూస్తే 297. భాగిస్తే 18.2. దాదాపు మూడు కిలోమీటర్లు పోయింది అని గుండె పట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చెల్లెలి ఇల్లు దగ్గరికి జరగలేదు కదా, 310 కాస్తా 297 ఎట్లా అయ్యింది?

ఈ ముక్క నా దగ్గర కంటే మా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర బాగా అర్థమైంది. ఒక శనివారం మధ్యాహ్నం బడి గ్రౌండ్‌లో కారు ఆపి, జాకీ పెట్టి వెనక చక్రం ఒకటి విప్పాను. పక్కన పాత స్టెప్నీ పెట్టాను. రెండింటి మీదా సుద్దముక్కతో గీత గీసి, గీత నేలకు ఆనేలా నిలబెట్టి, ఇద్దరు పిల్లలను ఒకే గీత దగ్గర నుంచి దొర్లించమన్నాను. పది చుట్లు. మిగతా పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. పది అనగానే ఇద్దరూ ఆపారు. పెద్ద చక్రం దాదాపు ఒక పెద్ద అంగ వేసినంత దూరం ముందుంది. టేపుతో కొలిస్తే చిన్నది 19 మీటర్ల 40 సెంటీమీటర్లు, పెద్దది 20 మీటర్ల 30. అప్పుడు ఒక పిల్ల అడిగింది: “టీచర్, మరి కారుకు ఎట్ల తెలుస్తది పెద్ద టైరు ఏసిండ్రని?”

తెలియదు. కారుకు తెలిసేది చుట్ల లెక్క ఒక్కటే. ఒక చుట్టుకు ఇంత దూరం అని ఫ్యాక్టరీలో దానికి ఒకసారి చెప్పి పంపారు. నేను చుట్టు పొడుగు మార్చాను, ఆ సంగతి దానికి చెప్పలేదు. అది పాత లెక్కే చెప్తోంది. ఆత్మకూరు దాటాక హైవే పక్క కిలోమీటరు రాళ్లతో పోల్చి చూస్తే, పది రాళ్లు దాటేసరికి మీటరు 9.6 దగ్గరే ఉండేది. కాబట్టి నిజమైన మైలేజీ 310ని 16.3తో భాగిస్తే వచ్చే 19. పోయింది మూడు కాదు, రెండు. అందులో టైరు వెడల్పుది కొంత, బరువుది కొంత, గుట్టల దగ్గర తక్కువ గేరులో లాగిందానిది కొంత.

స్పీడోమీటరు కూడా ఇంతే. మామూలుగా కంపెనీలు ముల్లును నిజం కంటే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి, తక్కువ చూపించకూడదు కాబట్టి. పాత టైర్లతో ముల్లు 80 మీద ఉంటే ఫోన్ జీపీఎస్‌లో 76 వచ్చేది. పెద్ద టైర్లతో ముల్లు 80 మీదుంటే ఫోన్‌లో 79, 80. మన కోసం వదిలిన ఆ కాస్త జాగాను నేను తినేశాను. ఇంకొంచెం పెద్ద టైరు వేసి ఉంటే ముల్లు నిజంకంటే తక్కువ చూపించేది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. పెద్ద టైర్లతో తిరిగిన బండి మీటరు మీద లక్ష అని ఉంటే అది నిజంగా తిరిగింది లక్షా నాలుగు వేల పైన.

ఇక టైరు మడ్‌గార్డుకు రాసుకోవడం సంగతి. ఒక రోజు అవ్వకు ఒంట్లో బాగాలేక బాపును, అవ్వను, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని వరంగల్ తీసుకొచ్చాను. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర యూటర్న్ కోసం స్టీరింగ్ మొత్తం తిప్పితే ముందు ఎడమ చక్రం దగ్గర ‘గర్ర్’మంది. తర్వాత చూస్తే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగు ఒకచోట నున్నగా అద్దంలా మెరుస్తోంది, టైరు భుజం మీద రబ్బరు చారగా అరిగింది. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు రాసుకోలేదు. ఐదుగురు కూర్చుని స్ప్రింగు కుంగితేనే రాసుకుంది. షాపులో ఖాళీ బండి స్టీరింగ్ తిప్పి చూపించి “తగులుత లేదు చూడండి మేడం” అంటే అది సగం పరీక్షే. నలుగురిని కూర్చోబెట్టి తిప్పి చూడాలి.

పంచరు గురించి ఒక్క మాట. ముందు చక్రం పంచరై పాత స్టెప్నీ వేస్తే బండి ఒక పక్కకు లాగింది. ముందు రెండు చక్రాలు రెండు సైజులైతే రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి డిఫరెన్షియల్ నిమిషం కూడా ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి, అది వంపుల్లో మాత్రమే పనిచేయడానికి పెట్టిన వస్తువు. ఆ స్టెప్నీని వెనక్కి వేసి, వెనక చక్రాన్ని ముందుకు తెచ్చుకుని నెమ్మదిగా ఇల్లు చేరాను. ఎండలో రెండుసార్లు జాకీ ఎత్తడం.

ఇదంతా నేను భరించాను. ఆపేలా చేసింది 2024 జులైలో ఒక సాయంత్రం.

బడి నుంచి తిరిగి వస్తున్నాం. మల్లంపల్లి దాటాక వాన పట్టుకుంది, ఆత్మకూరు వచ్చేసరికి కొంచెం తెరిపిచ్చింది. రోడ్డు మీద లారీల చక్రాలు నడిచి నడిచి రెండు చాళ్లలా పడ్డ చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. ముల్లు 70 మీద ఉంది. వెనక సీట్లో డీఏ బకాయిల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి స్టీరింగ్ చేతిలో బరువు లేకుండా అయిపోయింది. ఎట్లా చెప్పాలి, చేద బావిలో నీళ్లతో నిండిన బొక్కెన లాగుతుంటే తాడు తెగినట్టు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కానీ అవతల ఏమీ లేదు. ఇంజన్ చప్పుడు ఒక్కసారి పైకి లేచింది. బండి ముక్కు కుడివైపు, డివైడర్ తట్టు తిరగడం కనబడింది. వెనక మాటలు ఆగిపోయాయి. బ్రేకు తొక్కకూడదని చదివి ఉన్నాను, ఆ చదువు ఆ క్షణం కాలిని పట్టుకుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగ్‌ను కదలకుండా నిటారుగా పట్టుకున్నాను. రెండు సెకన్లు అయి ఉంటుంది. టైర్లు నేలను మళ్లీ అందుకున్నాయి, బండి ఒక జెర్క్ ఇచ్చి దారిలో పడింది. దామెర దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి దీని కారణం కూర్చుని ఆలోచించాను. టైరు నేలకు ఆనే జాగా ఎంత అనేది ముఖ్యంగా బండి బరువు, టైరులో గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. టైరు వెడల్పు చేస్తే ఆ జాగా పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుంది. సన్నటి టైరుకు అది నిలువుగా పొడుగ్గా ఉంటుంది, వెడల్పు టైరుకు అడ్డంగా పొట్టిగా ఉంటుంది. పొడి రోడ్డు మీద మూలమలుపులో అడ్డం జాగా మంచిది, బండి పట్టుకుని తిరుగుతుంది. నేనూ చూశాను, మలుపుల్లో 205 టైర్లు పాతవాటికంటే ఎంతో ధైర్యంగా ఉండేవి. నీళ్ల మీద అదే ఎదురు తిరుగుతుంది. సన్నటి టైరు నీళ్లను కోసుకుంటూ పోతుంది. వెడల్పు టైరు ఎక్కువ నీళ్లను పక్కకు తోయాలి, తోయడానికి దానికున్న సమయమూ తక్కువ. తోయలేని వేగం వస్తే టైరు నీళ్ల మీదికి ఎక్కి తేలుతుంది. దాని మీద నేను ఇంకో తప్పు చేశాను. ‘దబ్ దబ్’ చప్పుడు తగ్గుతుందని షాపాయన చెబితే గాలి 28కి తగ్గించి ఉంచాను. గాలి తక్కువైతే టైరు తేలే వేగం కూడా తగ్గుతుంది. వెడల్పూ నేనే పెంచాను, గాలీ నేనే తగ్గించాను. వెనక సీట్లో ఇద్దరు, పక్కన ఒకరు, ముగ్గురికీ పిల్లలున్నారు.

ఆగస్టులో 205లు తీసేశాను. అలాయ్ రిమ్ములు 6 ఇంచుల వెడల్పువి కాబట్టి వాటికే 185/65 ఆర్15 సరిపోయింది. ఈసారి పెన్నూ కాగితం పట్టుకునే పోయాను. 185లో 65 శాతం 120.25, రెండింతలు 240.5, రిమ్ము 381, మొత్తం 621.5. మా పాత టైరు 619.6. తేడా రెండు మిల్లీమీటర్ల లోపు. రిమ్ము ఒక ఇంచు పెరిగింది, ఆ మేరకు గోడ తగ్గింది, మొత్తం ఎత్తు కదలలేదు. ఇదే స్విఫ్ట్‌లో పై మోడల్‌కు, జెడ్‌డీఐకి, కంపెనీయే ఇచ్చిన సైజు ఇది. ఈ సంగతి మొదటి రోజే నాకు ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండేది. మీ బండి పై వేరియంట్‌కు ఏ సైజు ఇచ్చారో ముందు చూడండి, షాపులోకి ఆ నంబరుతో పొండి. కంపెనీ ఇచ్చిన సైజు దాటి పోతే, ఏదన్నా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు ప్రశ్న వేయడానికి మనమే చోటు ఇచ్చినట్టు అవుతుంది. టైరు పక్కన చివర ఉండే అంకె, అక్షరం కూడా చూడండి. నా కొత్తవాటి మీద 88హెచ్ అని ఉంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 దాకా తట్టుకుంటుంది. తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. 1524 అంటే 2024లో 15వ వారం. షాపులో వంగి ఆ నాలుగు అంకెలు చదివాకే పైసలు ఇచ్చాను.

గట్టమ్మ ఎక్కుడు మళ్లీ మూడో గేరులో వచ్చింది. చెల్లెలి ఇంటికి పోయి వస్తే మీటరు 309, డీజిల్ 15.2 లీటర్లు. లీటరుకు 20 పైన. స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతోంది, పాత 14 ఇంచుల టైర్ల కంటే కూడా. గోడ 132 నుంచి 120కి తగ్గింది కాబట్టి పక్కకు వంగడం తగ్గింది. అదే కారణంతో గుంత పడితే ఇప్పుడు నడుముకు తెలుస్తోంది, అది ఒప్పుకోవాలి. అంచు పదునైన గుంతలో వేగంగా పడితే రిమ్ము దెబ్బతినే భయమూ కొంచెం పెరిగింది. పాత స్టెప్నీ ఎత్తు దాదాపు సమానం కాబట్టి పంచరైనా ఇల్లు చేరేదాకా చింత లేదు.

పోయింది ఆ వేలు మందం. 14 మిల్లీమీటర్ల చోట ఇప్పుడు వచ్చేది ఒక్క మిల్లీమీటరు. ఆ మొరం బాట ఉన్న చోట కల్వర్టు కట్టారు, బడి దారికి ఇప్పుడు అవసరం రాదు. ఊళ్లో బాపు చేను దారిలో మాత్రం ఒకచోట వాగు గడ్డ మీద రాయి లేచి ఉంది. అక్కడ బాపు, పిల్లలు దిగి నడుస్తారు. మనుషులు దిగితే స్ప్రింగు లేచి బండి పైకి వస్తుంది, ఆ 14 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువే. నేను ఎడమ చక్రాన్ని రాయి మీదికే ఎక్కించి దాటిస్తాను, రాయి రెండు చక్రాల నడుమకు రానివ్వను. బాపు ముందు నిలబడి చేత్తో “అటు, అటు, ఇంకొంచెం” అని చూపిస్తాడు.

ఇప్పుడు నా వంతు వారంలో సోమవారం పొద్దున బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే గేజు పెట్టి చూస్తాను. నలుగురం కాబట్టి 33 ఉంచుతున్నాను. మీ బండికి ఎంతో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, అది చూసుకోండి.

2025 వానల్లో ఒక సాయంత్రం అదే ఆత్మకూరు దగ్గర, అదే చాళ్లలో నీళ్లు. వేగం ముందే 55కి తగ్గించాను. నీళ్లలోకి దిగగానే మడ్‌గార్డుల కింద జోరున చప్పుడైంది, స్టీరింగ్ కొంచెం బరువెక్కి చేతులను లాగింది. ఆ బరువును గట్టిగా పట్టుకున్నాను. వెనక సీట్లో బదిలీల గురించి ఎవరో ఏదో చెప్తున్నారు, ఆ మాట మధ్యలో ఆగలేదు.